తుమ్ముతూ పుట్టిన పిల్ల

నేను పుట్టగానే ఏడవలేదు, తుమ్మాను.

ఈ సంగతి అమ్మ చెప్పింది. విజయనగరంలో, అమ్మమ్మ వాళ్ళింటికి దగ్గర్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్. ఏప్రిల్ నెల మధ్యాహ్నం, కరెంటు లేదు. సాలూరు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఎవరిదో పాత ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని అమ్మకి విసురుతోంది. నాన్నని లోపలికి రానివ్వలేదు. పాపకి ప్లాస్టిక్ టబ్బు తెమ్మంటే బజారుకి పరిగెత్తాడు. ఏ సైజు కావాలో అడగలేదని అక్కడ గుర్తొచ్చింది. రెండు సైజులూ కొనేసి, చేతికో టబ్బుతో తలుపు బయట నిలబడ్డాడు. లోపల నేను వచ్చాను. చప్పుడు లేదు. నర్సు నన్ను తిరగేసి వీపు మీద తట్టింది. అప్పుడు తుమ్మాను, పెద్దాయన ఎవరో తుమ్మినంత గట్టిగా. తుమ్మింది ఎవరో కూడా తెలియకుండానే నాన్న తలుపవతల నుంచి "చిరంజీవ" అనేశాడు.

పిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు అలా అనడం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. నా విషయంలో మాత్రం ఈ లోకం నాతో అన్న మొదటి మాట అదే అయింది. అప్పటినుంచీ మా ఇంట్లో అదొక ఆట. నేను తుమ్మితే నాన్న ఎంత పనిలో ఉన్నా "చిరంజీవ" అనాలి. నేను "రెండు టబ్బులు" అనాలి. అమ్మ నవ్వాలి. ఈ వరస తప్పితే నాకు కోపం వచ్చేది.

నాన్న పేరు పైడిరాజు. రుషికొండ మీద 'అరుగు' అనే కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. అరుగంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళంతా ఇంటర్నెట్లో చేరే చోటు. ఒకరు ప్రశ్న వేస్తారు, పదిమంది జవాబులిస్తారు, బాగున్న జవాబుకి ఓట్లు పడి అది పైకి వస్తుంది. ఎక్కడెక్కడి వ్యాసాలో తెచ్చి అక్కడ పెడతారు, "తప్పక చదవండి" అంటారు. ఎవరూ చదవరు. తర్వాత చదువుదామని దాచుకుంటారు. నాన్న అలా దాచుకున్నవి చూసి, "ఇవి చదవడానికి ఇంకో జన్మెత్తాలి మీరు" అనేది అమ్మ. ఆయన అన్నం తింటూ చదివేవాడు, లిఫ్టులో చదివేవాడు, నన్ను స్కూలు బస్సెక్కిస్తూ చదివేవాడు. చదవకపోతే వెనకబడిపోతానని భయం. ఆ కొండ మీద పనిచేసే ప్రతివాళ్ళకీ అదే భయం. పట్టీ పుట్టింది ఆ భయంలోంచే.

నుదుటికి చుట్టుకునే మెత్తటి పట్టీ అది. ఒకరు దాన్ని పెట్టుకుని వ్యాసం చదివితే, వాళ్ళకి అర్థమైన తీరంతా అందులోకి దిగుతుంది. దాన్ని అరుగులో పెడతారు. ఇంకొకరు తమ పట్టీ పెట్టుకుని నిద్రపోతే, లేచేసరికి ఆ వ్యాసం వాళ్ళూ చదివేసినట్టే. లింకులు పంపుకోవడం పోయి, చదివిన చదువునే పంపుకోవడం వచ్చింది. కొత్తగా పట్టీ కట్టినవాళ్ళ బుర్ర ఖాళీగా ఉండకూడదని, అరుగులో అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డవి ముందు వాటంతటవే దిగేవి.

మొదటి పట్టీ ఇంటికి తెచ్చిన వారం నాన్నకి పట్టపగ్గాల్లేవు. ఆదివారం వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ, ఎన్నడూ చదవని వ్యాసాల గురించి అనర్గళంగా మాట్లాడేస్తున్నాడు. మధ్యలో ఆగి గాలి పీల్చాడు.

"కుసుమా, బెల్లం పాకం ఏటైనా పెట్టావా?"

"వెల్లుల్లి ఒలుస్తూ పాకం వాసనేటండీ?" అంది అమ్మ. అమ్మ ఫిజియోథెరపిస్టు. మొండికేసిన మోకాళ్ళని వంచడం ఆవిడ పని. మాట కూడా అలాగే ఉండేది.

నాన్న కాసేపు ఆలోచించి నవ్వేశాడు. "ఇది నాది కాదు. రాత్రి దిగిన వ్యాసం ఎవరో అనకాపల్లి కుర్రాడు చదివింది. వాడి చిన్నప్పుడు బెల్లం వండే చోటేదో ఉండుంటది." నా వైపు తిరిగి గోడకున్న కొక్కెం చూపించాడు. "అమ్మలూ, కొత్త చొక్కా గాల్లో వేలాడదు కదా. కొత్త సంగతీ అంతే. బుర్రలో పాత కొక్కెం ఏదో ఒకదానికి తగిలించుకుంటాం. చొక్కా పంపిస్తే కొక్కెం కూడా ఊడి వచ్చేస్తోంది. దానికేటి, మంచి వాసనే!"

అందరం నవ్వుకున్నాం. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

ఆ ఏడాదే జిలానీ గారి వ్యాసం వచ్చింది. వ్యాసం ఆయన రాసింది కాదు, చదివింది. ఒక చోట దారి మూసుకుపోతే వెనక వచ్చే పనులన్నీ ఎలా పేరుకుంటాయో, అప్పుడు దేన్ని ముందు వదలాలో చెప్పే కష్టమైన వ్యాసం. పదిసార్లు చదివినా ఎవరికీ అందనిది ఆయనకి అందింది. ఆయన చదువు దింపుకున్నవాళ్ళందరికీ తెల్లారేసరికి విడమరిచినట్టు అర్థమైపోయింది. అరుగు చరిత్రలో దానికి పడ్డన్ని ఓట్లు దేనికీ పడలేదు. నాన్నా వేశాడు.

అయితే పట్టీలు వాడేవాళ్ళకి తలనొప్పులు మొదలయ్యాయి. ఒకే సంగతి నలుగురు చదివిన తీరులో, నాలుగు కొక్కేలతో దిగుతుంటే బుర్ర ఇరుకైపోతోంది. దీనికి మందు కనిపెట్టే పని నాన్న మీద పడింది. అరుగులో మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. ఇంతకుముందు అడిగిన ప్రశ్నే మళ్ళీ ఎవరైనా అడిగితే "ఇది ముందే ఉంది" అని ముద్ర కొట్టి మూసేస్తారు, ఎక్కువ ఓట్లున్న పాతదానికి దారి చూపిస్తారు. మర్యాద తక్కువైనా పని జరుగుతుంది. నాన్న అదే పద్ధతిలో ఒక ప్రోగ్రాము రాశాడు. పేరు ఏరివేత. మనిషి నిద్రలో ఉండగా అది బుర్రంతా చూస్తుంది. ఒకే రకం రెండు కనిపిస్తే ఓట్లు ఎక్కువున్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తుంది. తలనొప్పులు పోయాయి. కంపెనీలో నాన్నకి శాలువా కప్పారు. అమ్మ దాన్ని సోఫా మీద పరిచింది.

కొన్నాళ్ళకి ఒకరోజు భోజనాల దగ్గర నేను తుమ్మాను. నాన్న తలెత్తి చూసి, "జలుబు చేసిందేటమ్మా?" అన్నాడు.

నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. అమ్మ ఆయన్ని కళ్ళతోనే గదిమింది. ఆయనకి అర్థం కాలేదు. పనిలో అలిసిపోయాడు పోనిమ్మని అమ్మ నన్ను సముదాయించింది.

నా పుట్టినరోజుకి ఆయనే కథ ఎత్తుకున్నాడు. కేకు కోశాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎంత వానో ఆ రోజు! రైలు గేటు పడిపోయింది. గూడ్సు బండి కదలదు మెదలదు. నేను ఆటోలో ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కే చూస్తున్నాను. ఆఖరి పెట్టె గేటు దాటింది, నువ్వు కేరుమన్నావు. ఆ డ్రైవరు తన ఖాకీ చొక్కా విప్పి ఇచ్చేశాడు నిన్ను చుట్టడానికి. వానలో బనీనుతో నిలబడ్డాడు మహానుభావుడు."

నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ ప్రేమలో అబద్ధం లేదు.

అమ్మ మొదట నవ్వింది. "నేను ఆటోలో కన్నానా? ఎవరిని?" అంది. ఆయన నవ్వలేదు. "అదేటి కుసుమా, మర్చిపోయావా?" అన్నాడు జాలిగా. అమ్మ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. "రెండు టబ్బులండీ," అంది మెల్లిగా. "నర్సింగ్ హోమ్. ఎక్స్‌రే ఫిల్ముతో విసిరింది, ఆ నర్సు." నాన్న ఆవిడ ముఖంలోకి చూస్తూ, వినని కథ వింటున్నట్టు విన్నాడు.

మర్నాడు స్కూలు బస్సులో ఈ కథ చెప్పాను. పై అంతస్తు సాత్విక్ ఎగిరి గంతేశాడు. "నేనూ అలాగే! మా నాన్న మొన్ననే చెప్పాడు. ఆటో, వాన, గేటు!" వెనక సీటు లోహిత నిలబడి, "ఖాకీ చొక్కా?" అంది. మా ముగ్గురి నాన్నలూ అరుగులోనే పని. మేం ముగ్గురం ఒకే గేటు దగ్గర, ఒకే ఆటోలో, ఒకే చొక్కాలో పుట్టామన్నమాట. మాకు భలే సరదా వేసింది. అక్కాచెల్లెళ్ళం, అన్నదమ్ములం అని బస్సంతా చెప్పుకున్నాం. సాయంత్రం నేను ఆ సరదా అంతా ఇంటికి మోసుకొచ్చి నాన్నకి చెప్పాను.

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. లాప్‌టాప్ తెరిచాడు. ఆ గేటు ఎవరి చదువుతో వచ్చిందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. కాకినాడలో ఉండే జిలానీ గారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"ఆయ్, పైడిరాజు గారా! పెద్దవారు మీరు ఫోన్ చెయ్యడమేంటండి," అన్నాడాయన సంబరంగా.

నాన్న కథంతా చెప్పి, చివర "మీదేనాండీ?" అని అడిగాడు.

"సామర్లకోట గేటండి అది. ఆ వ్యాసం చదువుతుంటే నాకు ఆ గేటే గుర్తొచ్చిందండి, అందుకే అర్థమైంది. ఇంటికెళ్ళాక ఏం జరిగిందో కూడా గుర్తుందాండి మీకు?"

"పాప చెవిలో ఎవరో పెద్దాయన మెల్లిగా..."

"అజానండి. పుట్టిన బిడ్డ చెవిలో చెబుతాం కదండి, మా నాన్నగారు చెప్పారు. పోయారండి ఆయన." మళ్ళీ ఆయనే అడిగాడు. "ఆ గొంతు మీ అందరికీ వినబడుతోందాండి? ఎంతమందికి?"

నాన్న లాప్‌టాప్‌లో లెక్క చూశాడు. ఓట్లు వేసినవాళ్ళే ఊరంత ఉన్నారు.

"మా పాప పుట్టిన రోజండి అది," అన్నాడు జిలానీ గారు. "మీరెవరూ దొంగలు కాదు, నాకు తెలుసు. కానీ తిరిగి ఇచ్చేయడం కుదరదాండి?"

మర్నాడు నాన్న ల్యాబు పెద్ద విజయభారతి గారి దగ్గరికి వెళ్ళాడు. అమ్మ కూడా వెళ్ళింది, స్కూలు లేదు కాబట్టి నన్నూ తీసుకెళ్ళారు. గాజు గోడల గది, కింద సముద్రం. ఆవిడ అంతా విని, కంప్యూటర్లో ఏదో చూసి, చల్లగా అంది.

"రాజుగారూ, ఒక్క ఫిర్యాదు కూడా లేదండి."

"పోయిందని తెలిస్తే కదా మేడమ్ ఫిర్యాదు చేస్తారు," అన్నాడు నాన్న.

ఆయన రాసిన ప్రోగ్రాము చేసిన పని ఆయనకిప్పుడు పూర్తిగా అర్థమైంది. బిడ్డ పుట్టిన రోజు బుర్రలో రెండుసార్లు కనిపించింది. జిలానీ గారిదానికి లెక్కలేనన్ని ఓట్లు. నాన్నదానికి నాన్నదొక్కటే ఓటు. "ఇది ముందే ఉంది" అని నన్ను మూసేసింది. తీసేసినవి ఎక్కడా దాచలేదు. దాచాలని ఆయనకే తోచలేదు, చెత్త ఎవరు దాస్తారు?

"ఏరివేత ఆపించండి," అంది అమ్మ విజయభారతి గారితో. ఆపిస్తామంది ఆవిడ. పై వాళ్ళతో మాట్లాడాలి, వారం పది రోజులు పట్టొచ్చు అంది. నాన్న కుర్చీలో కూలబడి మోకాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. అంత చిన్నగా అయిపోయిన నాన్నని నేనెప్పుడూ చూడలేదు. "నా కూతురు పుట్టిన రోజు నాకు లేదు కుసుమా," అన్నాడు. "ఎవరిదో ఉంది. అదే నాదని ప్రాణం కొట్టుకుంటోంది."

అమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. "నా దగ్గరుంది కదా. నాది తీసుకోండి."

అమ్మ ఎప్పుడూ పట్టీ కట్టలేదు. ఆవిడకి ఆ అవసరం లేదు. మోకాళ్ళ గురించి అరుగులో ఎవరూ మాట్లాడుకోరు. నాన్న కళ్ళల్లోకి వెలుగు రావడం చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

"నకలే వస్తది నాకు. నీది నీ దగ్గరే ఉంటది," అన్నాడు ఆత్రంగా.

"మరి ఆ ఏరివేతో?"

"అందరికీ ఆపడానికి టైము పడతది గాని, మనకి ఇప్పుడే ఆపేస్తాను." కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టాడు. రెండుసార్లు సరిచూసుకున్నాడు. "ఆగిపోయింది. నా దగ్గర చూశాను, పనిచెయ్యట్లేదు."

నా దగ్గర పనిచేస్తోంది, నా దగ్గర పనిచెయ్యట్లేదు. ఆ కొండ మీద రోజుకి ఎన్నిసార్లు వినపడే మాటో అది. ఆయన అబద్ధమాడలేదు. ఆయన కంప్యూటర్లో నిజంగానే ఆగింది. బీరువాలోంచి తీసి అమ్మ నుదుటికి చుట్టిన కొత్త పట్టీలో మాత్రం ఏరివేత ఫ్యాక్టరీలోనే ఎక్కించి ఉంది.

అమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. నేను ఎన్నిసార్లు విన్నా ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. నర్సు చేతి గాజుల చప్పుడు, ఎక్స్‌రే ఫిల్ములో ఎవరివో పక్కటెముకలు ఊగడం, నా తుమ్ము, తలుపవతల నాన్న గొంతు. నాకు తెలియని ముక్క కూడా ఒకటి చెప్పింది. నన్ను బయటికి తెచ్చి నాన్న చేతికి ఇవ్వబోతే ఆయన చేతులు ఖాళీ లేవు. ఏం చెయ్యాలో తెలియక రెండు టబ్బులూ వదిలేశాడు. పెద్దది దొర్లుకుంటూ మెట్ల మీద నుంచి కింద రోడ్డు దాకా పోయింది. దాన్ని ఎవరూ తీసుకురాలేదు. "ఎవరో పట్టుకుపోయారు," అని అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, ఏడుస్తూ.

ఆ రాత్రి ఇద్దరూ పట్టీలు కట్టుకుని పడుకున్నారు.

తెల్లారి లేచి వంటింట్లోకి పరిగెత్తాను. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర చట్నీ పోపుకి నూనె వేడి చేస్తోంది.

"వచ్చిందా నాన్నా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఏటీ రాలేదమ్మా. గేటే ఉంది." అమ్మ వైపు తిరిగాడు. "కుసుమా, మళ్ళీ చెప్పవా ఓసారి? మామూలుగానే, నోటితో."

"చెప్పడానికేటుంది," అంది అమ్మ నూనెలో ఆవాలు వేస్తూ. "ఎంత వానండీ అది. గూడ్సు బండి కదలదు. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తున్నానా, పాపం ఆవిడకి నొప్పులు, ఆవిడ చెయ్యి పట్టుకుని..."

ఆగిపోయింది.

"ఎవరి చెయ్యి అమ్మా?" అన్నాను.

అమ్మ గరిట పక్కన పెట్టి తన చెయ్యి వైపు చూసుకుంది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఎండుమిర్చి మాడింది. ఆ ఘాటుకి నేను తుమ్మాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఎదురుచూశాను. జీవితంలో నేను దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు.

"కిటికీ తియ్యండి," అంది అమ్మ. "పిల్లకి ఘాటెక్కింది."

కొత్త పట్టీ కదా, అందరికన్నా ఎక్కువ ఓట్లున్న జిలానీ గారి చదువే అమ్మకి ముందు దిగింది, అమ్మది నాన్నకి చేరకముందే ఏరివేత తీసేసింది. తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఏరివేత అందరికీ ఆపారు, ఆలస్యంగా. జిలానీ గారు అరుగు వదిలేశారని విన్నాను. నాన్న ఉద్యోగం మానేశాడు. పట్టీలని ఎక్కడ పారేశాడో తెలియదు. అమ్మమ్మ అప్పటికే పోయింది. ఆ నర్సు సాలూరావిడ అని తప్ప పేరు తెలియదు. మున్సిపాలిటీ ఇచ్చిన కాగితంలో నర్సింగ్ హోమ్ పేరుంది. అది చూసి ఇద్దరూ ఒప్పుకున్నారు, ఆటో కాదు, వాన కాదు అని. ఒప్పుకోవడం వేరు, గుర్తుండటం వేరు. తుమ్ము సంగతి ఆ కాగితంలో లేదు.

నేను వాళ్ళకి కథ చెప్పాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఎక్స్‌రే ఫిల్ము, గాజులు, దొర్లిపోయిన టబ్బు, అన్నీ. అమ్మ నా తల నిమురుతూ వింటుంది. నాన్న ముందుకి వంగి శ్రద్ధగా వింటాడు, అరుగులో మంచి వ్యాసం దొరికితే చదివేవాడే, అలా. చివర్లో "చాలా బాగుందమ్మా" అంటాడు. ఎవరి పుట్టుకా వాళ్ళకి గుర్తుండదు. నా పుట్టుక గుర్తున్నది ఇప్పుడు నాకొక్కదానికే, అదీ విన్నది. అందులో ఏ ముక్క అమ్మ చెప్పిందో, ఏ ముక్క చెప్పీచెప్పీ నేను కలుపుకున్నానో అడగడానికి నాకెవరూ లేరు.

మొన్న సెలవుకి ఇంటికి వెళ్ళాను. నాన్న పేపరు చదువుతున్నాడు, అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. దుమ్ము పడి గట్టిగా తుమ్మాను. కాసేపు ఆగాను.

"రెండు టబ్బులు," అన్నాను.

నాన్న పేపరు దించి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"దేనికమ్మా టబ్బులు?" అన్నాడు. "కావాలంటే సాయంత్రం బజారుకెళ్ళి తెస్తాను. ఏ సైజు?"